రాళ్ళు కోరు పాత్రలు: పాత్రతను గూర్చి ఒక విచారము

1. పాత్రశబ్దము

పాత్ర యను పదమును సాహిత్యవిమర్శలో మనము దినమునకు పలుమారులు వాడుచున్నాము. కాని ఆ పదమునకు గల తక్కిన యర్థములు విమర్శకునకు పనికిరానివని తలచి, వానిని వంటయింటికిని ధర్మశాస్త్రమునకును విడిచిపెట్టినాము. పాత్ర యనగా గిన్నె. ఏదేని పోయుటకో పెట్టుటకో తగిన వస్తువు. పాత్రమనగా దానము గ్రహింపదగిన వ్యక్తి. దయాపాత్రుడు, ప్రశంసాపాత్రము, అపాత్రదానము అను ప్రయోగములలో ఈ యర్థము నేటికిని నిలిచియున్నది. పాత్ర యనగా కథలోనో నాటకములోనో ఒకరు వహించు స్థానము. ఈ మూడర్థములకును సామాన్యమైన ధర్మము గ్రహణశక్తి. గిన్నె పదార్థమును గ్రహించును. ప్రతిగ్రహీత దానమును గ్రహించును. నటుడు కవికల్పితమైన స్వభావమును గ్రహించును.

వీడియోగేములలో తఱచుగా కనవచ్చు ఒక చిన్న పాత్రను ఈ మూడర్థముల వెలుగులో పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. అతడు ఊరిలో ఒకచోట నిలిచియుండును. దారిన పోవు వీరునితో మాటాడి, తనకు కొన్ని రాళ్ళు కావలెననియు, తెచ్చియిచ్చినచో ప్రతిఫల మిత్తుననియు చెప్పును. వీరుడు కొండలలో తిరిగి రాళ్ళు తెచ్చియిచ్చును. అతడు పుచ్చుకొని, మాట నిలుపుకొనును. అంతటితో అతని కథ ముగియును. లేదా మరల మొదటికి వచ్చును. ఇట్టివాడు నిజముగా పాత్రయా, లేక ఉత్త గిన్నెయా? ఇదియే ప్రశ్న.

ఇది వినోదమునకై వేసిన ప్రశ్న కాదు. కథను పుస్తకమున చదువుటతోపాటు, తాము చేయి పెట్టి నడుపు తెరమీద ఎఱిగిన విద్యార్థులు నేడు మన తరగతులలో కూర్చుండియున్నారు. వారికి మనము చెప్పు పాత్రలక్షణము అట్టి కథలకు అన్వయింపనిచో, లోపము ఆ కథలలోనిదా, మన లక్షణములోనిదా యని తేల్చుకొనవలసియున్నది. చూడకయే త్రోసిపుచ్చుట ఎంత తప్పో, క్రొత్తదనుకొని పొగడుట యంత తప్పు.

2. లక్ష్యము

లక్ష్యముగా నేను గ్రహించినది జపానుదేశపు నింటెండో సంస్థ 2017 మార్చి 3వ తేదీన విడుదల చేసిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' అను క్రీడ. దీనికి దర్శకుడు హిదెమారో ఫుజిబయాషి. నిర్మాత ఐజి ఔనుమా. కథాస్థలము హైరూల్ అను కల్పితరాజ్యము. నూఱేండ్లకు పూర్వము గానన్ అను దుష్టశక్తి విజృంభించి ఆ రాజ్యమును నాశనము చేసినది. ఆనాటి వీరుడగు లింక్ నూఱేండ్ల నిద్రనుండి మేల్కొని, జ్ఞాపకములు కోల్పోయినవాడై, శిథిలమైన దేశమున సంచరించును. ఆడువాడు నడుపునది ఇతనినే.

ఈ కథలో గమనింపదగిన విశేషమొకటి కలదు. నాయకుడగు లింక్ నోరు మెదపడు. ఎదుటివాడు మాటాడిన పిమ్మట తెరమీద కనబడు ఒకటి రెండు ప్రత్యుత్తరములలో ఒకదానిని ఆడువాడు ఎన్నుకొనును, అంతే. మన నాటకములలో నాయకుడు మాటాడును, ద్వారపాలకుడు ఊరకుండును. ఇచట అందుకు విపర్యయము. రాతిపనివాడు మాటాడును, వీరుడు వినును. కావున ఈ చిన్న పాత్రలు తమ సంభాషణముచేతనే కథాభారమును కొంత వహింపవలసియున్నది.

ఆ లోకమున రాయి సర్వవ్యాపి. వాడుకలో నున్న ధనమునకు రూపీ యని పేరు. పేరు మన రూపాయిని తలపించినను, రూపమున అది నాణెము గాదు. పలకలు దీర్చిన రత్నము వంటిది. అనగా రాతిని అమ్మి పుచ్చుకొను వెలయు ఒక విధముగ రాయియే. రాళ్ళు కోరు పాత్రలు అట్టి లోకమున ముగ్గురు కనబడుచున్నారు. వారు జోరాజాతి రాతిపనివాడగు లీడో, గెరూడో పట్టణమున నగలు చేయు ఇషా, గోరాన్ నగరమున రత్నములు కొను రమెల్లా.

3. అడుగువాడు లేని సంగ్రహము

ఈ ముగ్గురిని చూచుటకు ముందు, అడుగువా డెవడును లేని స్థితిని చూడవలెను. కంప్యూటరుక్రీడలలో వస్తుసంగ్రహము మిక్కిలి పాతది. విల్ క్రౌథర్ అను అమెరికను ప్రోగ్రామరు 1976 ప్రాంతమున రచింపగా, 1977లో డాన్ వుడ్స్ విస్తరించిన 'కొలోసల్ కేవ్ అడ్వెంచర్' అను క్రీడలో బొమ్మలు లేవు, అంతయు వాక్యరూపము. క్రౌథర్ స్వయముగ గుహలలో దిగి శోధించినవాడు. కెంటకీరాష్ట్రమునందలి మామత్ గుహలలోని ఒక భాగము ఆ క్రీడకు ఆధారము. ఆడువాడు గుహలో దిగి వజ్రములు, మరకతము మున్నగు నిధులను వెదకి తెచ్చి, వెలుపల ఊటబావిపై కట్టిన చిన్న యింటిలో ఉంచవలెను. ఉంచినకొలది గుణాంకములు పెరుగును. వుడ్స్ విస్తరించిన పాఠమున పూర్ణాంకము 350.

ఆ యింటిలో మనుష్యుడెవడును లేడు. నిధి ఎవరికి కావలెను, దానితో ఏమి చేయుదురు అను ప్రశ్నలకు ఆ క్రీడలో చోటు లేదు. ఇల్లు పాత్రశబ్దపు మొదటి యర్థమున మాత్రమే పాత్ర. పెట్టినదానిని పట్టి యుంచు గిన్నె. ఆ గిన్నె యున్నచోట ఒక మనిషిని నిలిపి, వానినోట "నాకు ఇవి కావలెను, ఏలననగా" అను రెండు మాటలు పలికించినచో, సంగ్రహమునకు ప్రయోజన మేర్పడును. రాళ్ళు కోరు గ్రామీణుడు పుట్టినది ఈ "ఏలననగా" అను మాటవద్దనే యని చెప్పవచ్చును. కావున వానిని పరీక్షించుటకు ఆ హేతువునే పట్టుకొనవలెను.

4. లీడో: కట్టువాడు

జోరాలు నీటిలో నివసించు జాతి. వారి రాజధాని రాతికట్టడము. రాత్రివేళ నీలికాంతితో వెలుగుచుండును. ఆ కాంతికి మూలము ల్యూమినస్ స్టోన్ అను శిల. దీనిని ప్రకాశశిల యందము. కొండచరియలందు ఈ శిలాఖండములు చీకటిలో వెలుగుచు కనబడును. ఆయుధముతో మోదియో, ప్రేలుడు కల్పించియో వానిని పగులగొట్టి రాళ్ళు గ్రహింపవలెను. ఈ క్రీడలో ఆయుధములు వాడినకొలది అరిగి విరిగిపోవును గాన, మోదుటలో ఆడువానికి వ్యయము కలదు.

లీడో రాజధానిలో రాతిపనులు చక్కబెట్టువాడు. అతనికి పది ప్రకాశశిలలు కావలెను. తెచ్చియిచ్చినచో మొదటిసారి రెండు వజ్రములిచ్చును. అటుపిమ్మట ఎన్నిమారులు పదేసి రాళ్ళు తెచ్చినను, ఒక్కొక్క వజ్ర మిచ్చుచుండును.

ఇచట కొంచెము లెక్క వేయవలసియున్నది. దుకాణమున ప్రకాశశిల యొక్కటికి 70 రూపీలు వచ్చును. వజ్రమునకు 500 రూపీలు వచ్చును. పది ప్రకాశశిలల వెల 700. మొదటిసారి లభించు రెండు వజ్రముల వెల 1000. అనగా తొలి వినిమయమున ఆడువానికి 300 రూపీల లాభము. రెండవసారినుండి 700 రూపీల సరకిచ్చి 500 రూపీల వస్తువును పుచ్చుకొనుచున్నాడు; 200 రూపీల నష్టము. వెలమాత్రము చూచువాడు రెండవసారి లీడో వద్దకు పోడు. అయినను పోవువారు కలరు. ఏల పోవుదురు?

దీనికి సమాధానము ఆ పట్టణముననే యున్నది. జోరారాజపుత్రిక మీఫా నూఱేండ్ల క్రిందటి విపత్తులో మరణించినది. ఆమె విగ్రహము పట్టణమధ్యమున కలదు. ఆమె వాడిన త్రిశూలము కథాక్రమమున లింక్‌నకు లభించును. అదియు తక్కిన ఆయుధములవలెనే విరుగును. విరిగినచో అచటి కమ్మరి డెంటో దానిని మరల చేసియిచ్చును. అందులకు జోరాల బల్లెమొకటియు, చెకుముకిరాళ్ళు ఐదును, వజ్రమొకటియు కావలెను. కావున వజ్రము వెలకు మించిన ప్రయోజనము గలది. ఒకవైపు రాతిపనివాని చేతిలో పట్టణము చక్కబడుటకును, వేఱొకవైపు కమ్మరి చేతిలో చనిపోయినామె గురుతు నిలుచుటకును అదే సంగ్రహము ఉపయోగపడుచున్నది.

మఱొక విషయము. ఆ క్రీడలో ప్రతివస్తువునకును చిన్న వివరణ మొకటి యుండును. ప్రకాశశిల వివరణమున, చీకటిలో దాని కాంతి చనిపోయినవారి ఆత్మలని కొందఱు నమ్ముదురని చెప్పబడినది. ఈ మాటను లీడో కోరికతో కలిపి చదువువానికి ఒక ధ్వని స్ఫురింపగలదు. మృతులను మఱువలేని పట్టణము, మృతుల వెలుగని చెప్పబడు రాతితో చక్కబడుచున్నది. దీనిని ఎవరును విప్పి చెప్పరు. రెండు చోట్ల వేర్వేరుగా నుంచిన మాటలను కలుపుకొను పని ఆడువానిది. వాచ్యము కాని యర్థమును సహృదయుడు గ్రహించుట మనకు క్రొత్త కాదు.

5. ఇషా: చేయునది

గెరూడోలు ఎడారియందలి స్త్రీజాతి. వారి పట్టణమున ఇషా నగలు చేయునది. ఆమెకు కావలసినవి పది చెకుముకిరాళ్ళు. రత్నములు గావు, చెకుముకిరాళ్ళు. ఈ భేదము ముఖ్యము. చెకుముకిరాయి దుకాణమున ఐదు రూపీలకు పోవునది. ఆడువాడు దానిని నిప్పు రాజేయుటకు వాడుకొనును. కట్టెలపై చెకుముకిరాయి నుంచి లోహపుటాయుధముతో కొట్టినచో మంట లేచును. అనగా అది సంచిలో నిర్లక్ష్యముగా పడియుండు రాయి. కాని నగలు చేయుదాని కది లేక పని సాగదు. ఆ కథాభాగమునకు పేరే పనిముట్లకు సంబంధించినది.

పది రాళ్ళిచ్చినచో ఆమె పుష్యరాగపు కమ్మలిచ్చును. వెలలో పది చెకుముకిరాళ్ళు 50 రూపీలకు మించవు. ఒక్క విడి పుష్యరాగము వెలయే 180. కమ్మలు విద్యుదాఘాతమునుండి కొంత కాపాడును. అటులే కెంపులు తాపిన శిరోభూషణము చలినుండియు, నీలములు తాపినది ఎండనుండియు రక్షించును. ఇవి యన్నియు ఆమె దుకాణమున లభించును. అయితే రాళ్ళు తెచ్చియిచ్చువఱకు ఆ దుకాణము మూతపడియుండును. తెచ్చిన పిమ్మట తెఱువబడును; ఎల్లకాలము తెఱచియే యుండును.

ఇచట జరిగినదేమి? అల్పమైన రాయి తగిన చేతిలో పడినంతనే ఒక వృత్తి పునరుద్ధరింపబడినది. ఇషా రాళ్ళను కూడబెట్టుటకు కోరలేదు. రాళ్ళు లేనందున నిలిచిపోయిన తన పనిని సాగించుటకు కోరినది. ఆమె మరల అడుగదు. ఆమె కొఱత తీరినది.

6. రమెల్లా: కొనునది

రమెల్లాయు గెరూడో స్త్రీయే. కాని ఆమె నిలిచియుండునది అగ్నిపర్వతముమీది గోరాన్ నగరమున. మొదట ఆమె పది ఆంబరు రాళ్ళడుగును. పిమ్మట ఒక్కొక్కసారి ఒక్కొక్క జాతి రత్నమును పదేసి చొప్పున కోరును. దుకాణపు వెలకంటె ఎక్కువ యిచ్చును. ఆమె ఏమి కోరునో చూచి, అవి సంచిలో నున్నచో అమ్మి, లేనిచో మరల వచ్చుట ఆడువారి కలవాటు.

ఈమె వర్తకురాలు. ఈమెకు హేతువు లాభము. అది చెప్పకయే తెలియును. ఆడువాని హేతువును లాభమే. ఇరువురును సమానులు. ఈ వ్యవహారమున కపటము లేదు. కాని కథయు లేదు. వెయ్యిసార్లు అమ్మినను గోరాన్ నగరమున ఒక రాయి కదలదు. పాత్రశబ్దపు మొదటి యర్థమునుండి ఈమె ఎక్కువ దూరము నడువలేదు. ఊటబావియింటికి మాటయు, ధనపుసంచియు చేర్చినచో రమెల్లా యగును.

అయినను ఈమె వ్యర్థ యనరాదు. ఈమె యుండుటచేతనే తక్కిన యిద్దఱి కోరికలోని భేదము తెలియుచున్నది. వెలకై కొనునామె ఒకతె లేనిచో, వెలకు మించినదానికై కోరువారిని గుర్తించుట కష్టము.

7. రాతికి గల పలుస్వరూపములు

గోరాన్‌లకు రాయి ఆహారము. ఈ కల్పన 1998 నవంబరులో విడుదలయైన 'ఆకరీనా ఆఫ్ టైమ్' అను క్రీడనాటికే యున్నది. అందు దుష్టుడగు గానన్‌డోర్ఫ్ డొడొంగో గుహద్వారమును పెద్దబండతో మూసివేయగా, ఆ గుహలోని రుచిగల రాళ్ళు దొఱకక గోరాన్‌లు ఆకలితో నలగుదురు. గుహను విడిపించినవానికి వారి నాయకుడు దరూనియా తన జాతికి పవిత్రమైన కెంపు నిచ్చును. ఒక రాయి అడ్డు. ఒక రాయి అన్నము. ఒక రాయి బహుమానము. ఒకే పదార్థము మూడు విభక్తులలో నడచినది.

2017నాటి క్రీడలో ఈ వైవిధ్యము మఱింత పెరిగినది. స్టోన్ టేలస్ అను రాక్షసులు ఉత్త బండలవలె పడియుండి, మనిషి దగ్గఱకు రాగానే లేచి నిలుచుందురు. వారి దేహముపై పొడుచుకొనియున్న ఖనిజమే వారి మర్మస్థానము. దానిని మోది చంపినచో రత్నములు రాలును. ఏరవలసిన రాయి ఎదురుతిరిగి పోరాడుచున్నది. వేఱొకచోట రాళ్ళు వలయముగా పేర్చియుండి, అందొక రాయి తక్కువై యుండును. ఆ రాతిని వెదకి తెచ్చి ఖాళీయందు పెట్టినంతనే, కోరాక్ అను అడవిపిల్ల ప్రత్యక్షమై ఒక విత్తనమిచ్చును. దాగియున్న కోరాక్‌లు మొత్తము 900. వారిని బయటపెట్టు ఉపాయములలో ఈ వలయ మొకటి.

వలయములోని ఖాళీ మనకు మిక్కిలి ఉపయోగకరమైన దృష్టాంతము. ఎవడును అడుగలేదు. ఒక్క మాటయు లేదు. అయినను ఆ ఖాళీయే అడుగుచున్నట్లు తోచును. కొఱత యనునది మాటకంటె ముందటిదని దీనివలన తెలియుచున్నది. రాళ్ళు కోరు పాత్ర ఆ ఖాళీకి నోరు వచ్చినట్టిది.

8. ప్రాప్ సిద్ధాంతము ఎంతవఱకు?

జానపదకథల నభ్యసించు మన విద్యార్థులకు వ్లదిమీర్ ప్రాప్ పేరు పరిచితమే. 1928లో రష్యనుభాషలో వెలువడి, 1958లో ఆంగ్లమునకు వచ్చిన అతని గ్రంథమున అద్భుతకథల నిర్మాణము 31 క్రియాంశములుగను, పాత్రలు 7 కార్యక్షేత్రములుగను విభజింపబడినవి. అందు ప్రదాత యను క్షేత్రము ఇచట అన్వయించునది. ప్రదాత వీరుని పరీక్షించును, లేదా ఒక పని యడుగును, వీరుడు ప్రతిస్పందించును, అద్భుతసాధనము లభించును. కొఱత యనునదియు ప్రాప్ చెప్పిన క్రియాంశములలో నున్నది.

లీడో, ఇషా, రమెల్లా మువ్వురును ఈ చట్రమున చక్కగా నిముడుదురు. ఇదియే చిక్కు. ఎవరు చేసిరనునది గాక ఏమి జరిగినదను దానినే ప్రాప్ ప్రధానముగ గ్రహించెను గాన, అతని లెక్కలో ఈ ముగ్గురును ఒక్కటే. పది రాళ్ళడుగుట, పది రాళ్ళు పుచ్చుకొనుట, ప్రతిఫలమిచ్చుట, భేదమెక్కడ? కాని పైన చూచినట్లు భేదము స్పష్టముగ నున్నది. అది రాళ్ళిచ్చుటకు ముందు లేదు. ఇచ్చిన క్షణమునను లేదు. ఇచ్చిన పిమ్మట ఆ రాళ్ళేమైనవి యను ప్రశ్నలో నున్నది. ప్రదాతకు ముట్టినది కథాపరముగ ఏమగునో చెప్పుటకు ప్రాప్ చట్రమున ప్రత్యేకస్థానము లేదు. అతని దృష్టి ఎల్లప్పుడును వీరునివెంట నడచును. రాతిపనివానివద్ద నిలిచి, వీరుడు వెడలిన పిమ్మట ఏమి జరిగినదని చూడదు.

ఇ. ఎం. ఫార్‌స్టర్ 1927లో చెప్పిన చదునుపాత్ర, నిండుపాత్ర యను విభాగమును ఇచట కొంతవఱకే సాయపడును. మువ్వురును చదునుపాత్రలే, ఒక్క వాక్యమున ఇముడువారే. వారి స్వభావమున మార్పు లేదు. కాని ఇషా మాఱకున్నను ఇషా దుకాణము మాఱినది. స్వభావమున మార్పును వెదకు లక్షణమునకు పరిస్థితిలోని మార్పు కనబడదు.

9. పాత్రతాలక్షణము

అందువలన మన పదముననే యున్న రెండవ యర్థమును విమర్శకు తెచ్చుకొనుట మేలని నా యభిప్రాయము. భగవద్గీత 17వ అధ్యాయమున దానమును వివరించుచు, సాత్త్వికదానమునకు దేశము, కాలము, పాత్రము అను మూడింటి యోగ్యత చెప్పబడినది. ప్రతిఫలము నాశించి యిచ్చునది రాజసమని వేఱు చేయబడినది. క్రీడలోని ఆడువాడు ప్రతిఫలము నెఱిగియే యిచ్చును గాన అతనిది రాజసదానమే. ఇందు దాచవలసినదేమియు లేదు. మనకు కావలసినది దాత గుణము గాదు, ప్రతిగ్రహీత యోగ్యత. దానిని మూడు ప్రశ్నలుగా విడదీయవచ్చును.

మొదటిది దేశము: కోరిన రాతికిని కోరినచోటికిని సంబంధము కలదా? లీడో కోరు రాయి ఆ పట్టణమును వెలిగించు రాయి, సంబంధము పూర్ణము. ఇషా చెకుముకికి ఆమె వృత్తితో సంబంధము. రమెల్లా కోరునది పూటకొక రత్నము. ఆమె ఎచట నిలిచినను ఒక్కటే.

రెండవది కాలము: ఇచ్చుటకు ముందును పిమ్మటను భేదము కలదా? ఇషా విషయమున కలదు. మూసిన తలుపు తెఱువబడినది. లీడో విషయమున తొలి వినిమయము వేఱు, తరువాతివి వేఱు. కాని పట్టణమున కంటికి తెలియు మార్పు లేదు. ఎన్ని నూఱుల రాళ్ళిచ్చినను ఒక గోడయైన క్రొత్తగా లేవదు. ఇది ఆ పాత్రకల్పనలోని లోపమని నిష్కర్షగా చెప్పవలెను. మృతుల వెలుగుతో పట్టణము చక్కబడుచున్నదను ధ్వని మాటలలో నున్నది గాని, కట్టడమున లేదు. రమెల్లా విషయమున కాలము లేనేలేదు.

మూడవది పాత్రము: పుచ్చుకొన్నవారు దానితో తమకు మాత్రమే గాక ఇతరులకును ఏదేని చేయుచున్నారా? ఇషా దుకాణము ఊరికి తిరిగివచ్చినది. లీడో పని ఊరిదే. రమెల్లా చేయునది తనకు.

ఈ మూడింటిని బట్టి చూడగా రమెల్లా గిన్నెకు చేరువ; లీడో దేశముచేత పాత్రుడై కాలముచేత అసంపూర్ణుడు; ఇషా మూడింట నిలిచినది. ఆశ్చర్యమేమనగా, ధ్వనిలో లోతైనది లీడో కథ. నిర్మాణమున దృఢమైనది ఇషా కథ. ధ్వనియు నిర్మాణమును ఒకేచోట కలియుట ఎక్కడను సులభము కాదు.

10. పూర్వపక్షములు

ఇచట రెండు ఆక్షేపములు రాదగును. మొదటిది: ఇవి యంత్రము పలికించు మాటలు, మాటిమాటికి అవే వాక్యములు వచ్చును, వీరికి అంతరంగము లేదు, కావున పాత్రలనుట అతిశయోక్తి. దీనికి సమాధానము: అంతరంగము లేని పాత్రలు మన జానపదకథలలో కొల్లలు. అడవిలో ఎదురై నీళ్ళడిగి వరమిచ్చు అవ్వకు అంతరంగమెక్కడిది? ఆమెను పాత్ర యనుటకు మన మెన్నడును సంకోచింపలేదు. ఆమెను నిలిపినది ఆమె దాహము. అడిగినది నీరైనను రాయియైనను, అడుగుటలోని యోగ్యతయే పరీక్షింపదగినది.

రెండవది: ఇది కథ గాదు, వ్యాపారము, పది యిచ్చి ఒకటి పుచ్చుకొనుట. ఈ యాక్షేపము రమెల్లాకు తగును, అందఱికిని తగదు. రెండవసారినుండి లీడోవద్ద వెలలో నష్టము కలదని లెక్కవేసి చూచితిమి. నష్టమని తెలిసియు చేయు వినిమయమును వ్యాపారమను ఒక్క మాటతో ముగింపలేము. ఆడువానికి వజ్రముతో పనియుండవచ్చును, ఆ పట్టణమునం దభిమానమే యుండవచ్చును. రెండింటను వెలకు మించిన ప్రయోజన మొకటి ప్రవేశించినది. కథ ప్రవేశించునదియు అచటనే.

11. పరిశోధకులకు సూచన

ఇట్టి విషయముపై పనిచేయబూనువారు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. గ్రంథమునందువలె ఇచట పాఠము స్థిరముగ నుండదు. ఆడువాడు చేసినదానిని బట్టి మాఱును. కావున పాత్ర పలికిన మాటను ఉదాహరించునపుడు, అది వస్తువు లిచ్చుటకు ముందటిదా, తొలిసారి యిచ్చిన పిమ్మటిదా, మలిసారిదా యని తప్పక పేర్కొనవలెను. ఒక్కమారు ఆడి మఱల తలచుకొని వ్రాసినచో తొలిసారి ప్రతిఫలమే జ్ఞాపకముండును. లీడో విషయమున దానివలన లెక్కయే తలక్రిందులగును. వెలలు, సంఖ్యలు అల్పవిషయములని విడువరాదు. ఛందస్సులో గణములవలె ఈ కథలలో సంఖ్యలు నిర్మాణాంగములు. వస్తువివరణములను పాత్రల మాటలతో కలిపి చదువవలెను. ధ్వని తఱచుగా ఆ రెంటి నడుమ నుండును. ఈ క్రీడ తెలుగులో వెలువడలేదు. ఆంగ్లపాఠమును చూచువారు మూలము జపానుభాషలోనిదని మఱువరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రశ్న నిలుపుకొనుట. ఎవడేమి కోరెను, ఎన్ని యిచ్చిరి, ఏమి వచ్చెను అనువానితో ఆగినచో మనము పట్టిక వ్రాసినవారమగుదుము. ఇచ్చినది ఏమాయెను అని యడిగినచో విమర్శ ఆరంభమగును. ఈ ప్రశ్న వీడియోగేములకు మాత్రమే పరిమితము కాదు. దాత, ప్రతిగ్రహీత గల ప్రతికథకును దీనిని వేసి చూడవచ్చును. మన కథలలో వీరుడు దాటిపోయిన పిమ్మట దారిప్రక్కన మిగిలినవారు ఎందఱో కలరు. వారిచేతికి ముట్టినదేమైనదో చూచుట ఇంకను మిగిలియున్న పని.